చిన్నప్పుడు బీరువాలో దాచిన యాపిల్: అది ఏ రకం అయ్యుంటుంది?

తెనాలి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. పండ్ల వ్యాపారం తెలిసినవాళ్ళు, దేశాలు తిరిగినవాళ్ళు ఇక్కడ ఉన్నారని చూసి అడుగుతున్నాను. నవ్వకండి.

1978లో మా నాన్నకి టైఫాయిడ్ వచ్చి గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో యాపిల్ అంటే జబ్బు చేసినవాళ్ళ పండు. ఎవరింట్లోనైనా కనబడితే "ఎవరికి బాగాలేదమ్మా?" అని అడిగేవాళ్ళు. మా మేనమామ బెజవాడ నుంచి నాలుగు పండ్లూ ఒక హార్లిక్స్ సీసా పట్టుకొచ్చాడు. మూడు పండ్లు ఆసుపత్రికి వెళ్ళాయి. నాలుగోదాన్ని మా అమ్మ కొంగుతో తుడిచి, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేసింది, నాన్న ఇంటికొచ్చాక కోద్దామని.

ఆయన రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేనూ మా తమ్ముడూ బీరువా తలుపు సందులో ముక్కులు పెట్టి వంతులవారీగా పీల్చాం. గులాబీలాంటి వాసన, దాని వెనక తేనె, ఇంకాస్త వెనక ఎండుగడ్డి. నాన్న వచ్చిన రోజు మా నాయనమ్మ కత్తిపీట మీద దాన్ని ఎనిమిది చెక్కలు చేసింది. నా చెక్కని నేను తొడిమ దగ్గరి గట్టి భాగంతో సహా నమిలేశాను. అన్ని రోజులు మగ్గిన పండు కరకరలాడింది! మా అమ్మ పట్టుచీరలు కట్టుకుంటే సంక్రాంతి దాకా అదే వాసన వచ్చేదని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు.

ఇప్పటి సంగతికి వస్తాను. మొన్న మే నెలలో బజారులో కిలో 240 పెట్టి కొన్నాను. అద్దంలా మెరుస్తున్నాయి, ఒక్కోదానికీ బొట్టులా స్టిక్కరు. కోస్తే వాసనే లేదు. నమిలితే ఉడికిన చామదుంపలా పిండి పిండిగా ఉంది. మా మనవడు ఒక ముక్క కొరికి, "అమ్మమ్మా, చాక్‌పీసులా ఉంది" అన్నాడు. చాక్‌పీసు రుచి వాడికెలా తెలిసిందో నేను అడగలేదు.

ఆనాటి పండు ఏ రకం అయ్యుంటుంది? ఇప్పుడు దొరుకుతుందా? లేక నా నాలుకే ముసలిదైపోయిందా?

జామచెట్టు కింద:

టీచర్ గారూ, యాపిల్ కన్నా మన జామకాయలో విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువ. కిలో 240 దండగ. జామకాయ తినండి, ఉప్పూకారం నేను పంపిస్తా.

తెనాలి టీచరమ్మ:

తెలుసు నాయనా, మా పెరట్లో జామచెట్టు ఉంది. కానీ జామకాయని ఎవరూ పట్టుచీరల మధ్య దాచుకోలేదు కదా. అన్నట్టు, మా తెలుగు మాస్టారు యాపిల్‌ని సీమరేగు అనేవారు. నిఘంటువులో ఉన్న మాటే. ఇప్పుడు బండి మీద కోడిగుడ్డంత రేగుపండ్లు పోసి "యాపిల్ బేర్" అని అరుస్తున్నారు. ఒకప్పుడు రేగు పేరు యాపిల్‌కి అరువిచ్చాం, ఇప్పుడు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

కొత్తపేట గుమస్తా:

టీచరమ్మా, నమస్తే. నేను హైదరాబాదులో పండ్ల కమీషన్ దుకాణంలో గుమస్తాగా చేశాను. మొజంజాహీ మార్కెట్లో చేరితే, మార్కెట్టు కొత్తపేటకి పోయినప్పుడు దాని వెంటే పోయాను. మొత్తం 31 ఏళ్ళు. ఇప్పుడా మార్కెట్టు బాటసింగారం పోయింది, నేను ఇంట్లో కూర్చున్నాను.

ముందు ఆ గడ్డి వాసన సంగతి చెప్తాను, అక్కడే సగం జవాబుంది. అప్పట్లో కాశ్మీరు సరుకంతా చెక్కపెట్టెల్లో వచ్చేది. అడుగున వరిగడ్డి, దాని మీద ఒక వరుస పండ్లు, కాగితం, మళ్ళీ గడ్డి, మళ్ళీ వరుస. సోపోర్ దగ్గరో షోపియాన్ దగ్గరో లారీ ఎక్కితే బనిహాల్ దాటి, జమ్మూ, ఢిల్లీ మీదుగా మా దాకా రావడానికి వారం. కొండచరియ విరిగి దారి మూసుకుపోతే ఇంకో వారం. అన్నాళ్ళు గడ్డిలో కూర్చుంటే పండు వాసన గడ్డికి, గడ్డి వాసన పండుకి. పొద్దుగాల నాలుగింటికి హమాలీ గునపం మొనతో మూత లేపితే మేకులు కిర్రుమనేవి, ఆ వెంటనే గుప్పున కొట్టేది. వేలం పాడేవాళ్ళు చెయ్యి కన్నా ముందు ముక్కు పెట్టేవాళ్ళు. తర్వాత గడ్డి తోసి అడుగువరుస చూసేవాళ్ళు. ఎందుకంటే, మా హమాలీలు అన్నట్టు, పైవరుస పెళ్ళిచూపులు, అడుగువరుస కాపురం. ఇప్పుడు అట్టపెట్టెలు, లోపల గుంటల ట్రేలు. దెబ్బ తగలదు, శుభ్రం. వాసన మాత్రం అట్టముక్కది.

ఇక రకం. నా ఓటు అంబ్రీకి. దొరలు తెచ్చిన రకం కాదది, కాశ్మీరు సొంత పండు. ఎరుపు మీద చారలు, లోపల తెల్లటి గట్టి కండ, తీపి, అన్నిటికన్నా మించి వాసన. సెప్టెంబరు ఆఖరున, అక్టోబరులో కోస్తారు. కోల్డ్ స్టోరేజీ లేకుండా మామూలు గదిలో నెలల తరబడి నిలబడుతుంది. మీ బీరువాలో పదకొండు రోజులున్నా కరకర పోలేదన్నారు చూశారా, అందుకే అంబ్రీ అంటున్నాను. అదే డెలీషస్ అనే ఎర్ర రకం అయితే మన వాతావరణంలో ఈపాటికి మెత్తబడేది. నాన్నగారికి జబ్బు చేసింది ఏ నెలలో? దసరా, దీపావళి రోజుల్లో అయితే నా మాట ఖాయం.

అంబ్రీ ఎందుకు తగ్గిందంటే రైతుకి కిట్టక. చెట్టు కాపుకి రావడానికి చాలా ఏళ్ళు, ఒక ఏడాది కాస్తే మరుసటేడు అలుగుతుంది. డెలీషస్ తొందరగా కాస్తుంది, ఎర్రగా నిగనిగలాడుతుంది. కొనేవాడు రంగు చూసి కొంటాడు గనుక రైతు రంగునే పెంచాడు. తప్పు ఎవరిదని అడిగితే నేను మన వైపే చూపిస్తాను.

పిండి పిండిగా ఎందుకుంటుందంటే, యాపిల్ కండ నిండా రసం నింపిన చిన్న చిన్న తిత్తులు. వాటిని ఒకదానికొకటి అతికే జిగురు పేరు పెక్టిన్. తాజా పండు కొరికితే జిగురు గట్టిగా ఉంటుంది కాబట్టి తిత్తి పగిలి రసం చిమ్ముతుంది. పండు ముదిరే కొద్దీ జిగురు కరుగుతుంది. అప్పుడు పంటి కింద తిత్తులు పగలవు, ఇసుకలా విడిపోతాయి. రసం లోపలే ఉంటుంది, మీ నాలుకకి అందదు. అదే చాక్‌పీసు. మీ మనవడికి నా తరఫున శభాష్ చెప్పండి.

మేలో మీరు కొన్నది ఇక్కడి పండయితే కిందటి అక్టోబరుది. కోసిన పండు కూడా ఊపిరి పీలుస్తుందమ్మా. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. సీఏ స్టోర్ అనే గదుల్లో దాన్ని రెండు మూడు శాతానికి దించి, చలి సున్నా డిగ్రీల దగ్గర పెట్టి పండుని నిద్రపుచ్చుతారు. పుల్వామా దగ్గర లాసిపొరాలో అవి వరసగా ఉన్నాయి. నిద్రలో ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. దాన్ని లేపి, లారీలో నాగపూర్ ఎండ దాటించి, తెనాలి బండి మీద 42 డిగ్రీల్లో నాలుగు రోజులు పెడితే ఏమవ్వాలి? మే నెలలో నిజంగా తాజా పండు కావాలంటే న్యూజిలాండ్ నుంచో చిలీ నుంచో వచ్చింది తినాలి, అక్కడ కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా.

ఇంకొకటి. డెలీషస్‌ని తిట్టాను కానీ దాన్ని చెట్టు మీద తిన్నాక నోరు మూసుకున్నాను. 1996 ఆగస్టులో సేటు నన్ను సరుకు చూసి రమ్మని సిమ్లా పంపాడు. నార్కండ దాటి థానేదార్, కోట్‌గఢ్. కొండ వాలంతా తోటలు, మధ్యమధ్యలో పసుపుపచ్చ పండ్ల గోల్డెన్ రకం చెట్లు. ఈ పచ్చవెందుకయ్యా అంటే, డెలీషస్ పువ్వు తన పుప్పొడితో తాను కాయ కట్టదు, తేనెటీగ పక్క రకం పుప్పొడి తేవాలి అన్నారు. కోసే ఆయన పండుని లాగలేదు. అరచేతిలో కూర్చోబెట్టుకుని, పైకెత్తి, చిన్న మెలిక తిప్పాడు, అంతే, తొడిమతో సహా చేతిలోకి వచ్చింది. లాగితే వచ్చే ఏడాది మొగ్గ కూడా ఊడుతుందట. అక్కడే నిలబడి కొరికాను, రసం మోచేతి దాకా కారింది. పన్నెండేళ్ళుగా యాపిల్ లెక్కలు రాస్తున్నవాణ్ణి, యాపిల్ తినడం ఆ రోజే.

ఆ తోటలకి ఆద్యుడు శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికావాడు. ఫిలడెల్ఫియాలో కలిగినవాళ్ళ బిడ్డ, 1904లో కుష్ఠురోగులకి సేవ చెయ్యడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, కొండపిల్లని పెళ్ళి చేసుకున్నాడు. అంతకుముందు కులూ వైపు దొరలు వేసిన యాపిల్ తోటలున్నాయి కానీ ఆ పండ్లు పులుపు, మనవాళ్ళకి ఎక్కలేదు. 1916లో స్టోక్స్ అమెరికా నుంచి డెలీషస్ మొక్కలు తెప్పించి నాటాడు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి కూడా వెళ్ళాడు, తర్వాత హిందువై సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. 1946లో పోయాడు. హిమాచల్ రైతు ఇప్పటికీ ఆయన పేరు చెప్పే యాపిల్ సంగతి మొదలుపెడతాడు.

కొనేటప్పుడు మెరుపు చూడకండి. ఎరుపు లేని చోట చర్మం చూడండి. ముదురాకుపచ్చ అయితే తొందరపడి కోశారు, లేత పసుపు అయితే మంచిది. చేతిలోకి తీసుకుంటే సైజు కన్నా బరువుగా అనిపించాలి. తొడిమ గుంటలో ముక్కు పెట్టండి, బండివాడు చూస్తే చూడనివ్వండి.

యకిమాలో కాకినాడోడు:

గుమస్తా గారూ, దండాలండీ! మీరు ఆపిన చోట నేనందుకుంటా. వాషింగ్టన్ రాష్ట్రంలో యకిమా లోయలో ఉంటానండి, కిటికీ తీస్తే యాపిల్ తోటలే.

స్టోక్స్ మొక్కలు తెప్పించింది స్టార్క్ బ్రదర్స్ నర్సరీ నుంచి, మిస్సోరిలో. వాళ్ళకి ఆ పండు ఎలా దొరికిందంటే, అయోవాలో పెరూ అనే ఊళ్ళో జెస్సీ హయాట్ అనే రైతు తోటలో వరస తప్పి ఒక గింజమొక్క లేచింది. రెండుసార్లు నరికినా మళ్ళీ చిగురించిందని చెప్తారు. సరే బతకనీ అని వదిలేస్తే కొన్నేళ్ళకి కాసింది. దానికి హాకై అని పేరు పెట్టుకున్నాడు. 1893లో స్టార్క్ వాళ్ళు పెట్టిన పండ్ల పోటీకి పంపితే గెలిచింది. వాళ్ళు హక్కులు కొని డెలీషస్ అని పేరు మార్చారు. అప్పటి పండు ఇంత ఎర్రగా ఉండేది కాదు, పసుపు మీద ఎర్ర చారలు.

ఇక్కడ ఒక తమాషా ఉందండి. యాపిల్ గింజ నాటితే తల్లి పండు రాదు. మన మామిడి టెంక నాటితే బంగినపల్లి ఖాయం కాదు, అంటు కట్టాలి కదా, అలాగే. అంటే ప్రపంచంలో ఉన్న డెలీషస్ చెట్లన్నీ హయాట్ నరికిన ఆ ఒక్క చెట్టు కొమ్మలే. కోట్‌గఢ్‌లో గుమస్తా గారి మోచేతి మీద కారిన రసమూ దానిదే, టీచరమ్మ గారి చాక్‌పీసూ దానిదే.

మరి చెడింది ఎక్కడంటే, అంటు చెట్టు మీద కూడా ఒక్కోసారి ఒక కొమ్మ తనంతట తాను ఇంకాస్త ఎర్రగా కాస్తుంది. ఆ కొమ్మ నుంచి అంటు కడతారు, దాంట్లో ఇంకా ఎర్రది చూసి మళ్ళీ అంటు. ఎరుపు పెరిగింది, తోలు మందమైంది, రుచి గాలికి పోయింది. 1980ల్లో మా వాషింగ్టన్ పంటలో నాలుగింట మూడొంతులు ఇదే. 2018కి అమెరికాలో గాలా అనే రకం దీన్ని దాటేసింది. ఇప్పుడిక్కడ పిల్లలు హనీక్రిస్ప్ అంటే పడిచస్తారు, మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 1991లో వదిలిన రకం. దాంట్లో గుమస్తా గారు చెప్పిన తిత్తులు పెద్దవి, కొరికితే పక్కవాడికి వినబడుతుంది.

ఇండియాలో వాసన కావాలంటే గాలా, కరకర కావాలంటే ఫుజీ చూడండి. స్టిక్కరు మీద 4131 ఉంటే పెద్ద సైజు ఫుజీ, 4016 ఉంటే పెద్ద రెడ్ డెలీషస్. ఫుజీ కూడా మన కథలోదే, జపాన్‌వాళ్ళు డెలీషస్‌ని ఇంకో పాత అమెరికా రకంతో కలిపి పుట్టించారు.

ఆల్మటీ హాస్టల్:

నేను కజకిస్తాన్‌లో, ఆల్మటీ ఊళ్ళో ఎంబీబీఎస్ నాలుగో ఏడాది, మాది నర్సరావుపేట. కజక్ భాషలో "ఆల్మా" అంటే యాపిల్, ఊరి పేరు దాన్నించే. ఊరి వెనక త్యెన్‌షాన్ కొండల్లో ఎవరూ నాటని యాపిల్ అడవులున్నాయి. మా సీనియర్లతో ఒకసారి ఎక్కాను. ఒక చెట్టు కాయ రేగుపండంత, నోట్లో పెడితే చిగుళ్ళు పట్టేసింది. పక్క చెట్టుది పసుపు, బాగానే తీపి. దాని పక్కది చేదు. కాకినాడ అన్నయ్య చెప్పిన గింజ సంగతి అక్కడ కళ్ళతో చూడొచ్చు, ఏ రెండు చెట్లూ ఒకలా లేవు.

1929లో వావిలోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి చూసి, యాపిల్ పుట్టిల్లు ఇదేనన్నాడు. ఆయన్ని స్టాలిన్ కాలంలో జైల్లో పెట్టారు, 1943లో అక్కడే పోయాడు. 2010లో యాపిల్ జన్యువులన్నీ చదివాక ఆయన మాట నిజమని తేలింది. రేపు ఫార్మకాలజీ పరీక్ష, ఉంటాను.

కెరమెరి పోరడు:

అమెరికా, కజకిస్తాన్ అయినయ్, జెర మా దిక్కు గూడ చూడుండ్రి. ఆసిఫాబాద్ జిల్లాల కెరమెరి మండలం ధనోరల ఒక రైతు యాపిల్ పండిచ్చిండు. 2020 జూన్‌ల పండ్లు తీస్కపోయి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు ఇచ్చిండు. రకం హెచ్ఆర్ఎంఎన్-99. మామూలు డెలీషస్‌కు ఏడు డిగ్రీల కంటె తక్కువ చలి వెయ్యి గంటలన్న కావాలె, లేకుంటె మొగ్గ నిద్రలేవది. హిమాచల్‌ల బిలాస్‌పూర్ కాడ హరిమాన్ శర్మ అనే రైతు తక్కువ చలికి గూడ కాసే ఈ చెట్టును తీసిండు. మాకాడ ఎండకాలంల కోతకొస్తది. నేను తిన్న. కొంచెం పులుపు, కాశ్మీరు లెక్క ఉండదు. కని మేల తాజా పండు కావాలంటె న్యూజిలాండ్ దాక పోవుడెందుకు?

తెనాలి టీచరమ్మ:

ఇన్నాళ్ళకి మళ్ళీ వచ్చాను, ఏమీ అనుకోకండి. గుమస్తా గారూ, మా తమ్ముణ్ణి అడిగి చూశాను. నాన్న ఇంటికొచ్చింది నాగులచవితి రోజు, పుట్టలో పాలు పోసి వచ్చేసరికి గుమ్మంలో రిక్షా ఉందట. అంటే మీ అంబ్రీయే.

అంబ్రీ మాత్రం దొరకలేదు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు బాటసింగారంలో అడిగితే ఒకాయన "ఆ పేరు విని చాలా ఏళ్ళయింది సార్" అన్నాడట. దానికి బదులు కిన్నౌర్ నుంచి వచ్చిన పెట్టె ఒకటి కొని బస్సులో వేశాడు. నిన్న దించుకున్నాం. తొడిమ గుంటలో ముక్కు పెట్టాను. వాసన ఉంది! తేనె ఉంది, గులాబీ ఉన్నట్టే ఉంది. మా మనవడు రెండు తిని మూడోది అడిగాడు. చాక్‌పీసు మాట ఎత్తలేదు.

గడ్డి వాసన ఒక్కటే తక్కువైంది. అందుకని పొద్దున్నే మా పాలాయన దొడ్లోకి వెళ్ళి వామి నుంచి రెండు చేతులనిండా వరిగడ్డి అడిగి తెచ్చాను. ఇంత చదువుకున్నావిడ గడ్డి మోసుకెళ్తోందేమిటా అని వీధివీధంతా చూసింది. ఆరు పండ్లు కాగితాల్లో చుట్టి, గడ్డి మధ్య పేర్చి, చెక్కపెట్టె లేక మా ఆయన పాత పుస్తకాల ట్రంకు పెట్టెలో పెట్టి మంచం కింద తోశాను. పదకొండు రోజులు లెక్కపెడతాను. మూత తీయొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. ఆ మంచం కిందే అరటిగెల మగ్గేశాం, దాన్ని ఇంకాస్త లోపలికి జరిపి చోటు చేశాను.

కొత్తపేట గుమస్తా:

అమ్మా! అరటిగెలా? మగ్గే అరటి వదిలే ఇథిలీన్ గాలికి మీ ఆరు పండ్లూ నాలుగో రోజుకే పిండైపోతాయి. వంట తర్వాత చేద్దురుగాని, ముందు లేచి ఆ గెల వసారాలోకి తీసెయ్యండి.

తెనాలి టీచరమ్మ:

తీసేశాను. ట్రంకు పెట్టె మూత కొంచెం పక్కకి జరిగి ఉంది, లోపల ఐదే ఉన్నాయి.